నాలుగు మేజోళ్ళు, ఒక టార్చి

క్రిస్మస్ ముందురోజు పొద్దున్నే అత్తగారు ఒక నిర్ణయానికి వచ్చింది. నలుగురు మనవల మేజోళ్ళలో పెట్టే బహుమతులు తానే కొనాలి, చవకవే కొనాలి, ఒకరికీ ఇంకొకరికీ ఆవగింజంత తేడా ఉండకూడదు. కోడళ్ళిద్దరికీ నెల రోజులుగా మాటల్లేవు మరి. పొయ్యి ఎవరు తుడవలేదన్న దగ్గర మొదలైన తగవు వేరు కాపురం దాకా పాకింది. పండగ కాగానే వేరే ఇల్లు చూసుకుంటామని చిన్నకోడలు కచ్చితంగా చెప్పేసింది. ఇప్పుడు పిల్లల దగ్గర ఏ చిన్న తేడా వచ్చినా సామాన్ల బండి గుమ్మంలోకి వచ్చేస్తుంది, ఇల్లు రెండు ముక్కలవుతుంది. ఆసుపత్రిలో మేట్రన్‌గా చేసి, వార్డు మొత్తానికి ఒకే కొలతలో పాలు పోయించిన మనిషికి ఇద్దరు కోడళ్ళ మధ్య న్యాయం ఒక లెక్కా అనుకుంది. తన కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుందన్న సంగతి మాత్రం లెక్కలో వేసుకోలేదు.

కొట్లో బొంగరాలు నాలుగు దొరికాయి, భూతద్దాలు నాలుగు దొరికాయి. ఈలలు మాత్రం మూడే ఉన్నాయి.

"నాలుగోది ఏదీ?" అంది అత్తగారు.

"అయిపోయిందమ్మా. బదులుగా ఈ బుల్లి టార్చి తీసుకోండి, అదే ధర," అన్నాడు కొట్టతను.

"ఈల అడిగితే టార్చి ఇస్తావేంటయ్యా? చెప్పులడిగితే టోపీ ఇస్తావా?"

"పిల్లలు కదమ్మా, ఏదిచ్చినా సంతోషిస్తారు."

"పిల్లల సంగతి నాకు తెలుసు. వాళ్ళ అమ్మల సంగతే నీకు తెలీదు."

ఈలలు మానేద్దామంటే అవే కావాలని పిల్లలు వారం నుంచి జోరీగల్లా చెవిలో పోరుతున్నారు. నాలుగు ఈలలు ఉంచలేనివాడు కొట్టెందుకు తెరవాలని తిట్టుకుంటూ టార్చి తీసుకుంది. అందరిలోకీ చిన్నది, చిన్నకోడలి కూతురు, చీకటంటే జడుసుకుంటుంది కాబట్టి అది దానికి పెట్టింది. హాల్లో కిటికీ పరదా కమ్మీకి మేజోళ్ళు వేలాడదీసి, తెల్లారేదాకా ఎవరూ ముట్టుకోవద్దని ఇంటిల్లిపాదికీ చెప్పి, తన గదిలోకెళ్ళి నడుం వాల్చింది.

పరదా సర్దే వంకతో పెద్దకోడలు వచ్చింది. మేజోట్లో చెయ్యి పెట్టేంత మర్యాద తెలియని మనిషి కాదు, పైనుంచి నొక్కి చూసిందంతే. మూడింటిలో ఈల తగిలింది, నాలుగోదాంట్లో టార్చి తగిలింది. తిన్నగా మొగుడి దగ్గరికి వెళ్ళింది.

"వెళ్ళిపోతామని బెదిరించేవాళ్ళకి టార్చి, ఇంటెడు చాకిరీ చేసేవాళ్ళకి ఈల. చూశారా మీ అమ్మ న్యాయం?"

"టార్చి ఎంతుంటుందే?" అన్నాడు ఆయన.

"ఎంతని అడుగుతున్నారా మీరు? ఎందుకని అడగరేం?"

ఆవిడ వెళ్ళి రంగు పెన్సిళ్ళ పెట్టెలు రెండు కొనుక్కొచ్చి తన పిల్లల మేజోళ్ళలో కూరింది.

తరవాత చిన్నకోడలు తడిబట్ట పట్టుకుని కిటికీ తుడవడానికి వచ్చింది. ఆ కిటికీని నెల రోజుల్లో ఒక్కసారైనా తుడిచిన పాపాన పోలేదు. తనూ నొక్కి చూసింది. పెన్సిళ్ళు అత్తగారే పెట్టిందనుకుని ఒళ్ళు మండిపోయింది. "పోయేవాళ్ళ పిల్లలకి పెన్సిళ్ళెందుకనుకున్నారు కాబోలు," అంది మొగుడితో. అతనికి వెంటనే బయట ఏదో పని గుర్తొచ్చింది. ఆవిడ తన పిల్లలకు రెండు సంచుల గోళీలు తెచ్చి పెట్టింది. ఆ బరువు చూసి పెద్దకోడలు బంకమట్టి డబ్బాలు తెచ్చింది. ఆ డబ్బాలు చూసి చిన్నకోడలు గెంతుకుంటూ ఆడుకునే కొయ్య పిడుల తాళ్ళు తెచ్చింది. ప్రతిదీ అత్తగారి పక్షపాతమేనని ఇద్దరూ పళ్ళు నూరుకున్నారు.

సాయంత్రం అత్తగారు లేచి చూసేసరికి మేజోళ్ళు నెలలు నిండిన పొట్టల్లా ఉన్నాయి. ఒక్కటి నొక్కింది, సంగతి అర్థమైంది. "పొద్దున్నుంచీ నేను పడ్డ పాటంతా బూడిదలో పోసిన పన్నీరు చేశారు కదే," అనుకుంటూ కుర్చీ ఎక్కి, తను పెట్టనివన్నీ తీసేయడం మొదలుపెట్టింది. ఒక చేత్తో పెన్సిళ్ళు తీసింది, రెండో చేత్తో గోళీల సంచి లాగింది. కమ్మీ ఊడి వచ్చేసింది, సంచి చిరిగి గోళీలు హాలంతా దొర్లాయి.

చప్పుడుకి కోడళ్ళిద్దరూ పరిగెత్తుకొచ్చారు. అత్తగారు పరదా కింద చతికిలబడి ఉంది. రెండు చేతుల్లోనూ పిల్లల బహుమతులున్నాయి.

"పిల్లల మేజోళ్ళలోంచి తీసేస్తున్నారా అత్తయ్యా?" అంది పెద్దకోడలు.

"సమానం చేద్దామనే..."

"మరి ఆ టార్చి ఎందుకు పెట్టారు?"

"అది ఆ కొట్టువాడు..."

"మీరు ఎలాగూ పెట్టరు. మేం పెట్టినవి కూడా ఉంచరా?" అంది చిన్నకోడలు.

పెద్దకోడలు ఆమెవైపు తిరిగింది. "నీ పిల్లలవి కూడా తీసేసిందా?"

"గోళీలక్కా. ఇద్దరికీ ఇష్టమని ఏరి ఏరి తెచ్చాను."

"అయ్యో. ఉండు, నేనూ ఏరతాను."

ఇద్దరూ మోకాళ్ళ మీద కూచుని గోళీలన్నీ ఏరారు. తరవాత వంటింట్లోకి వెళ్ళి రెండు కప్పుల టీ పెట్టుకున్నారు. కాస్సేపటికి లోపలినుంచి నవ్వులు వినబడ్డాయి. అత్తగారు నడుం పట్టుకుని లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళింది. మెల్లగా అడిగింది.

"మరి పండగయ్యాక ఆ వేరే ఇంటి సంగతి..."

"మేం ఎక్కడికీ వెళ్ళం," అంది చిన్నకోడలు. "మీ దగ్గర అక్కని ఒక్కదాన్నే ఎలా వదిలేసిపోతాను?"

ఇల్లు రెండు ముక్కలు కానందుకు అత్తగారు వారం రోజులపాటు ఎవరితోనూ మాట్లాడలేదు.