నాలుగు వేళ్లు పొట్టి

చలి వేస్తోందని మగవాడు స్వెట్టర్ తొడుక్కునే అనాగరిక యుగం ముగిసింది. ఇకపై స్వెట్టర్ అనేది తొడుక్కున్నవాడి గురించి లోకానికి ఏదో ఒకటి చాటిచెప్పాలి. ఏం చాటాలో మా ఆఫీసులోని ఋతువస్త్ర విభాగం ఏటా శరత్కాలంలో నిర్ణయిస్తుంది. (చలి ఎంత ఉందో నిర్ణయించేది వేరే విభాగం. ఆ రెంటికీ మాటల్లేవు.)

పద్ధతి చాలా సులువు. పొద్దున్నే గేటు కెమెరా ముందు నిలబడాలి. స్వెట్టరూ, మఫ్లరూ, టోపీ ఈ ఏటి ఫ్యాషన్‌కి తగ్గట్టుంటే ఆకుపచ్చ దీపం వెలిగి హాజరు పడుతుంది. లేకపోతే ఎర్రదీపం, సగం రోజు సెలవు కోత. మా టపా గుమాస్తా గుండెల మీద గుమ్మడికాయంత గుడ్లగూబను అల్లించుకుని ఆకుపచ్చ సంపాదించాడు. లిఫ్టు నడిపే పెద్దాయన మోకాళ్లు దాటే మఫ్లర్ చుట్టుకున్నాడు. అది రెండుసార్లు తలుపులో ఇరుక్కుంటే రెండుసార్లూ ‘కదలిక గల అలంకారం’ అంటూ ప్రశంసాపత్రం వచ్చింది.

చిక్కల్లా మా బావతోనే. ఆయనది ముద్రల విభాగం, నా పక్క బల్లే. పొద్దస్తమానం రబ్బరు ముద్రను ఇంకులో అద్దడం, కాగితం మీద కొట్టడం. ఆయన స్వెట్టర్ బూడిద రంగుది. దాని మీద గుడ్లగూబ కాదు కదా, పిచ్చుక కూడా లేదు. కుడి చెయ్యి మాత్రం ఎడమదానికంటే నాలుగు వేళ్లు పొట్టి. ఇంకులో పడకూడదని మా అక్క కావాలనే అలా అల్లింది. అక్క పోయి రెండేళ్లు. ఆ స్వెట్టర్‌ని బావ ఉతకడానికి కూడా ఇంకొకరి చేతికివ్వడు.

వారం రోజులు ఎర్రదీపమే. ఎనిమిదో రోజు ఋతువస్త్రాధికారి స్వయంగా దయచేశాడు. మెడలో మూడు మఫ్లర్లు (ఒకటి చలికి, రెండు హోదాకి). స్వెట్టర్‌ని అటూ ఇటూ తడిమి చూశాడు.

“దీని రూపకర్త ఎవరండీ?”

“మా ఆవిడండీ.”

“ఒకసారి రమ్మనండి, మాట్లాడాలి.”

“పోయి రెండేళ్లయిందండీ.”

“అయ్యయ్యో. సెలవులో ఉన్నారని రాసుకుంటాలెండి.”

తర్వాత బావని తన గదికి తీసుకెళ్లి, నిలువుటద్దం ముందు నిలబెట్టి, అద్దంలోని బొమ్మను ఫొటో తీశాడు. తన మఫ్లర్లు కూడా పడాలి కదా.

మర్నాడే ఉత్తర్వు వచ్చింది. ఈ శరత్తుకి ఒంటి పొట్టి చెయ్యే ఫ్యాషన్! “చూశావుట్రా, మీ అక్క ఆఫీసంతటికీ దారి చూపించింది,” అన్నాడు బావ. రెండేళ్ల తర్వాత ఆయన నవ్వగా చూశాను. ఒట్టు, నాక్కూడా ఛాతీ పొంగింది.

ఆ ముచ్చట తెల్లారేదాకానే. అద్దంలో కుడి ఎడమవుతుందని ఆ మహానుభావుడికి తట్టలేదు. ఉత్తర్వు ప్రకారం పొట్టిగా ఉండాల్సింది ఎడమ చెయ్యి. ఆఫీసంతా ఎడమ చేతులు పొట్టి చేయించుకుని ఆకుపచ్చగా లోపలికి నడిచింది. బావకి మళ్లీ ఎరుపు.

“అసలుది నాదేనండీ!” అని మొరపెట్టుకున్నాడు బావ.

“అసలుదే కావచ్చు, నమూనాకి సరిపోవట్లేదు కదండీ. ముందుది వెనక్కి తిప్పి తొడుక్కోండి,” అన్నాడు అధికారి.

తొడుక్కున్నాడు. పీక బిగుసుకుంది, దీపం పచ్చబడింది. పొడుగు చెయ్యి కుడివైపుకొచ్చి మధ్యాహ్నానికల్లా ఇంకులో మునిగింది. సాయంత్రం మెమో వచ్చింది, ఆదర్శ వస్త్రాన్ని మలినపరచినందుకు సంజాయిషీ ఇమ్మని. బావ ఒకే ముక్క రాశాడు. “కుడి చెయ్యి పొట్టిగా ఉండాలండీ.”

దాని మీద ఐదుగురితో కమిటీ వేశారు. నెల రోజులు కొండను తవ్వి ఎలుకను పట్టారు. ముద్రల విభాగం వారందరూ, మినహాయింపు లేకుండా, స్వెట్టర్ కుడి చెయ్యిని నాలుగు వేళ్లు కోయించి, ముక్కను కౌంటర్లో అప్పగించి పత్రం పొందాలన్నారు. పత్రం లేనివారికి రేపటినుంచి గేటు తెరుచుకోదు. (మా అక్క ఈ ఎలుకను ఒక్క సాయంత్రంలో పట్టింది. పాపం, ఆమెకు కమిటీ లేదు.)

బావ స్వెట్టర్‌ని మళ్లీ సవ్యంగా తొడుక్కుని, గుండె నిబ్బరం చేసుకుని కౌంటర్‌కి వెళ్లాడు. వెనకాలే నేను. కౌంటర్లో అమ్మాయి అప్పటికే కత్తెర పట్టుకుని కూర్చుంది.

“ఇది ముందే పొట్టిదమ్మా. కావాలంటే కొలుచుకో.”

“ముందున్నది లెక్కలోకి రాదండీ. ఉత్తర్వు తేదీ తర్వాత కోసిందే కోత. ముక్క లేకపోతే నా ఫైలు కదలదు.”

నాకు ఒళ్లు మండిపోయింది. “అది అల్లిక తల్లీ! కోస్తే ఊడిపోతుంది!”

“ఊడకూడదని ఉత్తర్వులో లేదండీ,” అంది ఆ పిల్ల, నిజంగానే నొచ్చుకుంటూ.

బావ నా భుజం తట్టాడు. కుడి చెయ్యి చాచాడు.

సాయంత్రానికి అల్లిక మోచేతి దాకా ఊడింది. ఊడిన ఉన్నినంతా బావ వేళ్లకు చుట్టి చుట్టి జేబులో పెట్టుకున్నాడు. కోత సక్రమంగా జరిగిందన్న పత్రం మీద ముద్ర వేయాల్సింది ముద్రల విభాగమే కాబట్టి, అదీ ఆయనే వేసుకున్నాడు. ఈసారి స్వెట్టర్‌కి ఇంకు చుక్క కూడా అంటలేదు.