గురువారం మూసిన దుకాణం

గురువారం పొద్దున ఏడింటికి వెంకట్రాజం ఇంట్లో ఉన్న మూడు ఫోన్లను ఆపేసి, ఒక స్టీలు డబ్బాలో వేసి, మూత బిగించి అటక మీద పెట్టాడు. డబ్బా సొంత దుకాణంలోదే. వరంగల్ బజారులో ఆయనకు స్టీలు సామాన్ల దుకాణం ఉంది. ఇరవై ఆరేళ్లుగా పొద్దున ఎనిమిదికి షట్టర్ ఎత్తి రాత్రి పదింటికి దించుతున్నాడు. ఆదివారం కూడా తెరుస్తాడు. ఈ రోజు మాత్రం తెరవదలచుకోలేదు. రోజంతా ఇంట్లో, భార్యాబిడ్డల మధ్య, తీరిగ్గా కూర్చోవాలని నిర్ణయించుకున్నాడు.

ఇది ప్రేమ వల్ల పుట్టిన ఆలోచన కాదు. ఎదురు దుకాణం భానుచందర్ వల్ల పుట్టింది.

భానుచందర్‌ది బట్టల దుకాణం. సాయంత్రం ఏడు కొట్టేసరికి షట్టర్ దించి ఇంటికి పోతాడు. ఆదివారం ఇల్లు కదలడు. ఇంట్లో ఫోన్ ముట్టడు. పెళ్లాం పక్కన కూర్చుని కూరగాయలు తరుగుతాడు. ఈ సంగతులన్నీ వెంకట్రాజానికి భార్య పద్మ చెప్పింది. ఒకసారి కాదు, అన్నం పెట్టినప్పుడల్లా చెప్పింది. "స్నేహలత ఏం పుణ్యం జేసుకున్నదో. మొగడంటే గట్లుండాలె. ఇంట్ల మనుషులున్నరన్న సోయి ఉన్నది," అనేది. పక్కవాడి గురించి పెళ్లాం చెప్పే మంచిమాట ఎవరికీ అరగదు. వెంకట్రాజానికి మూడు నెలలుగా కడుపులో మంట. దవాఖానకు పోతే గ్యాస్ అన్నారు.

ఆమె ఒక్కసారి, అదే గొంతుతో, తన పేరు చెబితే చాలు. ఆయన కోరిక అంతే. అయితే ఆదివారం మూస్తే భానుచందర్‌ను చూసి మూసినట్టవుతుంది. అందుకని గురువారం ఎంచుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు. గుమాస్తా రాంప్రసాద్‌కు మాత్రం ముందురోజే, "రేపు రాకు. ఎవరడిగినా ఏం చెప్పకు," అని హుకుం జారీ చేశాడు.

ఎనిమిదింటికి ముందుగదిలో కొత్తవాడలో నేసిన జంపఖానా పరిచాడు. భార్యను, కూతురు శ్రీలతను, ఎనభై ఏళ్ల తల్లి మొగిలమ్మను దాని మీద కూర్చోబెట్టాడు. తాను ఎదురుగా కూర్చున్నాడు.

"ఇగ మాట్లాడుండ్రి," అన్నాడు.

ఫ్యాన్ తిరిగింది.

"ఏం మాట్లాడాలె డాడీ?" అంది శ్రీలత. ఆ పిల్ల చేత ఆ రోజు కాలేజీ మాన్పించాడు.

"ఏదన్నా మాట్లాడు. ఇంటర్ అయిపోవచ్చిందా?"

"డిగ్రీ సెకండియర్ డాడీ."

మొగిలమ్మ కొడుకు మొహంలోకి అనుమానంగా చూసింది. "ఏందిరా రాజం, పొద్దుగాల్నే అందర్ని గిట్ల కూసోవెట్టినవ్? ఎవలన్న సచ్చిండ్రా?"

"ఎవ్వలు సావలే. ఊకె కూసుందమని."

"ఊకెనా?" అని ఆమె మరింత భయపడింది.

పొయ్యి మీద పప్పు ఉందని పద్మ లేచింది. ఆయన వెనకే వెళ్లాడు. కత్తిపీట లాక్కుని బెండకాయలను వేలెడేసి ముక్కలు కోశాడు. కూరలో నూనె ఎక్కువైందన్నాడు. డబ్బాలు సైజు వారీగా లేవని అరల్లో ఉన్నవన్నీ దించి, దుకాణంలో మాదిరిగా పేర్చాడు. చింతపండు ఏ డబ్బాలోకి పోయిందో పదిన్నర దాకా ఎవరికీ దొరకలేదు. "మీరు జర అవుతల కూసోండ్రి," అని పద్మ నాలుగుసార్లు అంది. ఇంట్లో ఉన్న మనుషులను చూడడానికి ముహూర్తం పెట్టుకున్న మనిషికి ఆ మాత్రం మాట వినపడదు.

అదే సమయంలో బజారులో వేరే పని మొదలైంది.

ఆ బజారులో మామూలు రోజున షట్టర్ ఎత్తకపోతే ఒకటే అర్థం, ఇంట్లో చావు. కూతురి పెళ్లిరోజున కూడా సాయంత్రం తెరిచినవాళ్లు ఉన్నారు. వెంకట్రాజం దుకాణం ఇంతకు ముందు మూసింది ఒక్కసారే, తండ్రి పోయినప్పుడు. తొమ్మిదింటికి భానుచందర్ ఆ షట్టర్ చూశాడు. ఫోన్ చేశాడు. స్విచ్చాఫ్. పద్మది స్విచ్చాఫ్. శ్రీలతది కూడా స్విచ్చాఫ్. చాయ్ హోటల్ ముందు రాంప్రసాద్ దొరికాడు.

"ఏమైంది రాంప్రసాద్? పెద్దమ్మేనా?"

"నన్నేం అడగకుండ్రి సేటు. మా సేటు ఏం చెప్పద్దన్నడు," అన్నాడు రాంప్రసాద్. పదిహేనేళ్లకు దొరికిన సెలవును ఏం చేసుకోవాలో తెలియక అతని మొహం అప్పటికే ఏడుపు మొహంలా ఉంది.

భానుచందర్‌కు అది చాలు. బజారు సంఘానికి అతనే కార్యదర్శి. సభ్యుడి ఇంట్లో చావు జరిగితే మధ్యాహ్నం దాకా అన్ని దుకాణాలూ సగం షట్టర్ దించాలి. దించారు. మొగిలమ్మ రాత్రి అన్నం తిని పడుకుని మళ్లీ లేవలేదని ఒకరు చెప్పారు. ఆఖరిమాట కొడుకుతోనే మాట్లాడిందని ఇంకొకరు చెప్పారు. పదింటికి బజారులోకి పూలదండ వచ్చింది. పదింబావుకు టెంటు, తర్వాత శవాన్ని పెట్టే ఫ్రీజరు, ఆ తర్వాత డప్పులు. పరకాలలో మొగిలమ్మ చెల్లెలు కట్టమ్మకు కబురు పోయింది. ఆమె ఆటో మాట్లాడుకుని బయలుదేరింది. భానుచందర్ ఏ పనైనా పద్ధతిగా చేస్తాడు. అందరూ అతన్ని మెచ్చుకునేది అందుకే.

పదకొండింటికి అంతా వెంకట్రాజం ఇంటికి కదిలారు. ముందుగా భానుచందర్ భార్య స్నేహలత వచ్చింది. తలుపు తీసిన పద్మ మెడ చుట్టూ చేతులు వేసి, "అయ్యో అక్కా, గింత పనాయె!" అని గొల్లుమంది. ఎవరైనా మెడ పట్టుకుని ఏడిస్తే ముందు తానూ ఏడవాలి, పోయింది ఎవరన్నది తర్వాత అడగాలి. అది మర్యాద. పద్మ కూడా గొల్లుమంది. పోయింది భానుచందరే అనుకుంది. అందుకని కొంచెం ఎక్కువే ఏడ్చింది.

"నీ మొగడు ఎంత మంచోడు చెల్లె! గసొంటి మనిషి మల్ల పుడతడా!"

వంటింటి గుమ్మంలో బెండకాయ పట్టుకుని నిలబడ్డ వెంకట్రాజం ఆ ఏడుపు మొత్తం చూశాడు.

స్నేహలత ఏడుపు ఆపింది. "మా ఆయనకేమైంది? బయట టెంటు ఏపిస్తాండు."

"మరి ఎవలు పోయిండ్రు?"

"మీ అత్తమ్మ గదా?"

తలకు తువ్వాలు చుట్టుకుని మొగిలమ్మ స్నానాల గదిలోంచి వచ్చింది. "ఎవలే పోయింది?" అంది. స్నేహలత జంపఖానా మీద కూలబడింది.

అప్పుడే భానుచందర్ దండతో లోపలికి వచ్చాడు. వెనక ఫ్రీజరు మోసుకుంటూ నలుగురు. "ఫికర్ జెయ్యకు అన్నా, అంత నేను జూసుకుంట," అంటూనే మొగిలమ్మను చూసి ఆగిపోయాడు.

"గా దండ ఎవలకురా?" అంది మొగిలమ్మ.

"నీకే పెద్దమ్మా," అని నాలుక కరుచుకున్నాడు.

బయట డప్పు మోగింది. కట్టమ్మ ఏడుస్తూ వచ్చి, అక్కను చూసి, మండిపడింది. "పరకాల నుంచి ఆటోల ఏడ్సుకుంట వచ్చిన. గొంతు పోయింది. బతికున్నదానివి ఒక్క ఫోన్ జెయ్యరాదా?" మొగిలమ్మ ఆ మాట పట్టించుకోలేదు. గుమ్మంలోంచి తొంగి చూసి, "నాకు గింతేనా మంది వచ్చింది?" అంది.

"మరి దుకాణమెందుకు మూసినవన్నా?" అని అడిగాడు భానుచందర్.

సగం బజారు ముంగిట్లో ఉంది. డప్పు ఆగింది. "ఇంటోళ్లతోని కూసుందమని," అన్నాడు వెంకట్రాజం.

ఎవరూ నమ్మలేదు.

"ఏం, నీకొక్కనికే ఉన్నదా ఇల్లు?" అని ఆయన భానుచందర్ మీద అరిచాడు. "ఏడు గొట్టంగనే ఇంటికి వోతవ్, కూరగాయలు కోస్తవ్! నీ ముచ్చట ఇనలేక నాకు బువ్వ అరుగుతలేదు!"

స్నేహలత లేచి వంటింట్లోకి తొంగి చూసింది. వేలెడేసి బెండకాయ ముక్కలు, సైజు వారీగా నిలబడ్డ డబ్బాలు చూసింది. వచ్చి పద్మ చెయ్యి పట్టుకుంది.

"డబ్బాలు సదిరిండా అక్కా?"

"సదిరిండు."

"నూనె ఎక్కువైందన్నడా?"

"అన్నడు."

"నాకు రోజూ గదే అక్కా. ఏడు గొట్టిందంటే నా గుండెల రాయి పడ్తది. ఇగ ఆదివారమైతే చెప్పద్దు. నిన్ను జూసి నేనెంత కుళ్లుకుంటనో నీకెరుకనా? మీ ఆయన పొద్దుగాల పోతే పదింటి దాక రాడు. రాణి లెక్క ఉన్నవ్."

దండ పట్టుకుని భానుచందర్ ఈ మాటలన్నీ విన్నాడు.

పద్మ మొగుడి వైపు చూసింది. అలా ఆమె చూసి చాలా కాలమైంది. "నిజమే చెల్లె," అంది. "మా ఆయన బంగారం. ఇన్నొద్దులు నాకే సోయి లేకపాయె."

ఆ మాట వినాలని మూడు నెలలు ఎదురుచూసిన వెంకట్రాజం బెండకాయను కింద పెట్టి, గోడకున్న తాళంచెవులు తీసుకున్నాడు.

"యాడికిరా రాజం?" అంది మొగిలమ్మ.

"దుకాణానికి."

పద్మ గుమ్మం దాకా వచ్చింది. "జర నిమ్మలంగనే రాండ్రి," అంది. "తొందరేం లేదు."

ఇరవై నాలుగేళ్ల కాపురంలో ఆమె గొంతులో అంత ప్రేమ ఆయన ఎన్నడూ వినలేదు.