పదిహేడవ అంతస్తు తేనీటి దండయాత్ర

అవధరింపుడు సభాసదులారా! కాళ్లు చాపుకొని కూర్చుండి మరీ అవధరింపుడు, ఏలయన ఈ గాథ యావత్తు కాళ్లనుగూర్చినదే. ఏప్రిల్ మాసపు కడపటి ఆదివారమునాడు, యారా నదీతీరమున, మెల్‌బోర్న్ మహానగరమధ్యమున, మేఘమండలమును మోచేతితో పొడుచుచున్నట్లున్న పంచనక్షత్ర హోటలులో, పదిహేడవ అంతస్తున, హంసతూలికాతల్పమున, గిప్స్‌లాండ్ పచ్చికసీమల కధీశ్వరుడును, ద్విశతాధికగోవుల పొదుగుల మర్మమెరిగినవాడును, గోమయలిప్త రబ్బరుబూటుధారియు నగు డారిల్ ట్రెగియా, తెల్లవారుజామున నాలుగున్నరకు, ఎవ్వరును లేపకయే, తటాలున కన్నులు తెరచెను. ముప్పదియేండ్లుగా ఆ ఘడియకే లేచి పాలు పితికినవానికి అలారముతో పనియేమి?

ప్రక్కన ధర్మపత్ని కెరిన్ దుప్పటిని గడ్డమువరకు లాగుకొని కదలక మెదలక పరుండియుండెను. నేడు వారి ముప్పదవ పెండ్లిరోజు. నేడే ఆతని ప్రతిజ్ఞకు కడపటి పరీక్ష.

ఆ ప్రతిజ్ఞ యెట్టిదనిన: కెరిన్ తండ్రి తన యిల్లాలికి ప్రతిదినమును పడకమీదికే తేనీరు తెచ్చి యిచ్చెడివాడు. అది చూచి పెరిగిన పిల్ల పెండ్లివిందులో, “నాకు రోజూ వద్దు. ఏడాదికోసారి, పెళ్లిరోజున చాలు,” అనెను. అప్పటికి మూడు బీర్లు సేవించియున్న డారిల్ బల్లపైకెక్కి, వందమంది చూచుచుండగా, “నీ కాళ్లు నేల తాకకముందే టీ నీ చేతిలో ఉంటుంది! లేకపోతే నా పేరు డారిల్ కాదు!” అని భీషణముగా శపథము చేసెను.

మొదటియేట ఒక ఆవు సరిగా ఆ వేకువనే అడ్డముతిరిగిన దూడతో నొప్పులు పడెను. రెండవయేట వరద. మూడవయేట పాలుపితుకు యంత్రము మొరాయించెను. నాలుగవయేట మరచిపోయెను, దానికి సాకు లేదు. ఆపై ఏటేటా ఏదో యొకటి, ఏదియు లేనినాడు ఆతడు నీరు కాచులోపలనే కెరిన్ బూట్లు తొడిగి కొట్టములో నిలిచియుండెను. ఆమె యొక్కనాడును పోట్లాడలేదు. అంతకన్న దారుణము గావించెను: లెక్కపెట్టెను. ఊరిలో ఎవరి పెరటిలో మాంసము కాల్చుకొని తిను విందు జరిగినను, ఆతడు తప్పిన యేండ్లెన్ని, నెగ్గిన యేండ్లెన్ని యని ఫుట్‌బాల్ స్కోరు చదివినట్లు చదివి అందరిని నవ్వించెడిది. నిన్న సాయంకాలము ఈ గదిలో బూట్లు విప్పుచు సైతము విడువలేదు.

“ఇరవైతొమ్మిది–సున్నా, డారిల్. రేపటికి ముప్పై.”

“ఈసారి ఆవుల్లేవు కదే. పిల్లా అల్లుడూ చూసుకుంటున్నారు. ఇంక నన్నెవడు ఆపుతాడు?”

“నిన్ను ఆపడానికి వేరే ఇంకోడు కావాలా ఏంటి?”

ఆమె నవ్వెను. ఆ నవ్వు చివర చిన్న ఆశ యొకటి తొంగిచూచి దాగుకొనెను. ముప్పదియేండ్ల మగడు గనుక డారిల్ దానిని చూచెను, చూచి సిగ్గుపడెను.

కావున వీరుడు చీకటిలో పిల్లివలె లేచి, ముప్పావుగంట తడిమి తడిమి ఆయుధములను సమకూర్చుకొనెను. చిట్టిగిన్నెలలో హోటలువారు పెట్టిన, ఆరునెలలైనను చెడని పాలను నిన్ననే రుచిచూచి, “ఇవి పాలా? గోడకేసే సున్నం!” అని తిరస్కరించినవాడగుటచే, ఇంటినుండి ఐసుపెట్టెలో తెచ్చిన స్వగోక్షీరమును, బీట్‌రూట్ ఊరగాయకు చెందిన పాతసీసాలో నింపినదానిని, వామహస్తమున గైకొనెను. దక్షిణహస్తమున కప్పు, కప్పులో ఇంటి టీసంచి. ఒంటికి కవచము హోటలువారి తెల్లగౌను. అది మోకాళ్లకు జానెడు పైననే ఆగిపోయెను. గదిలో కాఫీయంత్రము కలదు గాని అది పాతట్రాక్టరువలె అరచును. లిఫ్టు ప్రక్క వేడినీటి కుళాయి కలదని నిన్ననే వేగు చూచియుంచెను.

పోయెను. నీరు పట్టెను. నాలుగు నిమిషములు ఊరనిచ్చెను. పాలు పోసి, రంగు చూచి, తలయూపెను. ఆ క్షణమున ఆతనికంటె సుఖి మెల్‌బోర్న్‌లో లేడు.

తిరిగివచ్చి తలుపును మోచేతితో నెట్టెను. ట్రెగియావారి యింటికి తాళము వేసి ముప్పదియేండ్లు. తాళపుచెవి యెక్కడనో ఎవ్వరికిని తెలియదు, కుక్క పూడ్చిపెట్టెనని యొక వాదము. తలుపనగా మోచేతికి లొంగునదని నమ్మి బ్రతికిన మనుష్యుడు. ఈ తలుపు లొంగలేదు. భుజముతో నెట్టెను. తలుపు చిన్న యెర్రదీపమును వెలిగించి పరిహసించెను. తలుపు తెరచు తాళపుకార్డు లోపల గోడచీలికలో, దీపములు వెలుగుటకై నిన్న దూర్చినచోటనే, క్షేమముగా నుండెను.

అప్పుడు క్రోధారుణలోచనుడై, కప్పులోని తేనీరు తొణకకుండ, మనస్సులో ఆ వీరుడిట్లు గర్జించెను: “ఓరీ దారుఖండాధమా! నిన్ను తట్టుట నాకెంతపని? తట్టితినా, ఆమె లేచును. లేచెనా, దిగును. దిగెనా, ఆ పాదద్వయము తివాచీని స్పృశించును. స్పృశించెనా, ముప్పది–సున్నా! వరదలో దూడను భుజాన మోసినవాడను, ఎద్దు కుమ్మినను వెనుదిరుగనివాడను, నీవంటి కొయ్యముక్కకు ఓడుదునా?” కొయ్యముక్క ఉలుకలేదు, పలుకలేదు.

గత్యంతరము గానక లిఫ్టెక్కెను. తొమ్మిదవ అంతస్తున వ్యాయామమునకు పోవు సంపన్నదంపతులు ఎక్కి, ఆతని మోకాళ్లను చూచి, వెంటనే కప్పును చూచి, అటుపిమ్మట అంతస్తుల అంకెలనే దీక్షగా చూచిరి. కప్పునుండి లేచు ఆవిరి సన్నబడుచుండెను.

క్రింద, పాలరాతి సభామంటపమున, టాంగా ద్వీపమునుండి వచ్చిన మెలె అను యువతి బల్లవెనుక నిలిచియుండెను. దయగలది, కాని నియమపాలనలో ఇనుము.

“ఐడీ ఏమైనా ఉందా సార్?”

“పర్సులో ఉంది.”

“పర్సు?”

“ప్యాంటులో.”

“మరి ప్యాంటు?”

“గదిలో. గదికి తాళం. తాళం గదిలో. ఇంకేం అడగకమ్మా, టీ చల్లారిపోతోంది.”

“గది కెరిన్ గారి పేరు మీద ఉంది సార్. మీ అమ్మాయి బుక్ చేసినట్టున్నారు. మీ పేరే లేదిక్కడ. ఒక్క నిమిషం, గదికి ఫోన్ చేసి అడుగుతాను.”

“వద్దు! లేస్తుంది! కాళ్లు కింద పెట్టేస్తుంది!”

మెలె కంగారుపడి, “అయ్యో, కాళ్లకి ఏమైంది సార్?” అనెను.

అంతట డారిల్ పెండ్లివిందు మొదలు బీట్‌రూట్ సీసావరకు ముప్పదియేండ్ల కథను ఒక్క గుక్కలో చెప్పివేసెను. ఆవు చచ్చినప్పుడు తప్ప ఏడ్వని మనిషి, అపరిచితురాలియెదుట, మోకాళ్లు కనబడు గౌనులో, కన్నీరు తుడుచుకొనుటకు రెండుచేతులును ఖాళీలేక నిలిచెను.

మెలె ఆతని చేతిలోని కప్పువంక చూచి, “మా నాన్న మా అమ్మకి మంచినీళ్లు కూడా ఎప్పుడూ ఇచ్చిన పాపాన పోలేదు,” అనెను. “సార్, ఫోన్ మంచం పక్కనే ఉంటుంది. చెయ్యి చాపితే చాలు. కాలు కదపక్కర్లేదు.”

ఇంత చిన్నమాట తనకు తోచనందుకు వీరుడు నోరు తెరచెను. మెలె స్పీకరు పెట్టి మీటలు నొక్కెను. తొలిమ్రోతకే అవతల ఫోనెత్తబడెను.

“కెరిన్ గారా? రిసెప్షన్ నుంచి. దయచేసి కాళ్లు కింద పెట్టకండి.”

“పెట్టలేదు. ఎక్కడున్నాడు?”

“ఇక్కడే ఉన్నారండి. మీవారేనా అని అడుగుదామని.”

“ఎలా ఉన్నాడు?”

“తెల్ల గౌను. ఒక చేతిలో టీ. ఇంకో చేతిలో పాల సీసా.”

“సీసా మీద ఏ బొమ్మ ఉంది?”

“బీట్‌రూట్.”

“నావాడే. పైకి పంపు. అమ్మాయ్, త్వరగా పంపు. చాలా త్వరగా!”

క్రొత్తకార్డు పండ్లమధ్య కరచిపట్టుకొని డారిల్ పరుగుతీసెను. ఇన్నేండ్ల తరువాత తనకొరకు ఆమె యింతగా తహతహలాడుచున్నదని లిఫ్టులో పదిహేడంతస్తులును పొంగిపోయెను.

తలుపు తెరచుకొనెను. కెరిన్ మంచముమీద నిటారుగా, దుప్పటిక్రింద కాళ్లు మెలివేసుకొని, నొసట చెమటతో కూర్చుండియుండెను. అది భావావేశమని ఆతడు గ్రహించెను. కప్పునందించెను. ఆమె రెండుచేతుల పుచ్చుకొని, మూడు గుక్కలలో చివరిచుక్కవరకు త్రాగెను.

“ఎలా ఉంది?”

“చల్లగా ఉంది. చాలా బాగుంది.”

“ఏడుస్తున్నావేంటే?”

“నాకూ నాలుగున్నరకే మెలకువొచ్చింది డారిల్. నువ్వు సీసా కోసం తడుముకోవడం, కుర్చీని తన్నుకోవడం, అన్నీ విన్నా. అప్పట్నుంచీ బాత్రూంకి వెళ్లాలి. ఇప్పుడు కాలు కింద పెడితే ఈ మనిషి మొహం ఎలా మాడిపోతుందో అనుకుని, పళ్లు బిగబట్టుకుని పడుకున్నా. గంటన్నర!”

డారిల్ ఆమె చేతిలోని ఖాళీకప్పును అందుకొనెను. తలుపుతో పోరినవాడు తాను. నిజమైన యుద్ధము ఈ దుప్పటిక్రింద జరిగెను.

“అంతసేపు? నా కోసమా?”

“ఇరవైతొమ్మిది–ఒకటి. తర్వాత కౌగిలించుకుందువు గానీ, ముందు తప్పుకో!”

ఇట్లు, ఆదివారము ఉదయము ఆరుగంటల నాలుగు నిమిషములకు, పదిహేడవ అంతస్తున, ఖాళీకప్పు సాక్షిగా, దుందుభులు మ్రోగవలసినచోట ఫ్లష్ మ్రోగుచుండగా, లోకమునకు ప్రకటింపబడుచున్నది: కెరిన్ ట్రెగియా పాదములు రెండును, టీ త్రాగిన పిమ్మటనే, నేలను తాకెను.