బోనస్ గుమ్మడికాయ

ఆ ఆదివారం పొద్దున నతానియేలు వేసుకున్న పథకం చాలా చిన్నది. గుడికి వెళ్ళాలి, కోతకాల పండుగ వేలంపాటలో తెలిసినవాళ్ళ బిల్లులు తన క్రెడిట్ కార్డు మీద కట్టాలి, తర్వాత వాళ్ళ దగ్గర నగదు పుచ్చుకోవాలి. ఇందులో చెడిపోవడానికి ఏముందని అతను నింపాదిగా గడ్డం గీసుకున్నాడు.

నతానియేలు మొయినాబాద్ దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో బస్సు డ్రైవరు. వచ్చే నెలతో స్టీరింగు వదిలేయాలి. పింఛను లేదు. ఉన్నదల్లా చేవెళ్ల పోస్టాఫీసులో కాస్త డిపాజిట్టు, దానికి తోడు వయసు మీరాక ఎవరి ముందూ చెయ్యి చాపకూడదన్న పంతం. అందుకే కాలేజీ క్లర్కు ఒకాయన "ఖాతా తెరిస్తే బోనస్, కార్డు తీసుకుంటే బోనస్" అని చెవిన వేసిన నాటి నుంచి కనబడిన బ్యాంకులన్నీ ఎక్కి దిగాడు. ఒక బ్యాంకు ఐదు వందలు ఇచ్చింది. ఒకటి గోడ గడియారం ఇచ్చింది. మిగిలినవన్నీ గొడుగులే ఇచ్చాయి.

"వానలు చూస్తే లెవ్వు, ఇంటినిండ గొడుగులే," అంది భార్య విజయరాణి, చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ. "ముసలితనంల మనం అన్నం తినాల్నా, గొడుగులు తినాల్నా?"

"ఈ కార్డుది అట్లాంటిది కాదే. రేపటి లోపల లక్ష రూపాయల ఖర్చు చూపిస్తె పదివేలు ఇస్తరు. ఇంక నలభై వేలే తక్కువున్నది. ఇయ్యాల వేలంల పూరా అయితది."

"ఏమన్న చేసుకో. నా గుమ్మడికాయ మాత్రం మంచి ధరకు పోవాలె," అంటూ ఆమె అదోలా నవ్వింది. పండుగ రోజు కదా, నవ్వుతోందిలే అనుకున్నాడు నతానియేలు. పెరట్లో ఆమె పసిబిడ్డలా సాకిన గుమ్మడికాయను భుజాన వేసుకుని బయలుదేరాడు.

చేవెళ్ల శివారులోని ఆ చర్చిని అందరూ గుడి అనే అంటారు. అక్కడ ఏటా పంట చేతికొచ్చాక ఎవరికి పండింది వాళ్ళు కానుకగా తెస్తారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. బజారులో ఇరవైకి దొరికే సొరకాయ అక్కడ రెండు వందలకు పోతుంది, పాడుకున్నవాడు దాన్ని చంకన పెట్టుకుని మహారాజులా నడుస్తాడు. ఈ ఏడు జేబులో నోట్లు పెట్టుకొచ్చేవాళ్ళు తగ్గారని గుడి పెద్దలు కార్డు గీకే మిషన్ కూడా తెప్పించారు. ఆ కబురు విన్నప్పుడు నతానియేలు మోకరించి మరీ దేవునికి స్తోత్రం చెప్పాడు.

గుడి ముందరే ముగ్గురిని వేరువేరుగా పట్టుకున్నాడు. మొదట కూరగాయల రైతు భూపాల్. అతను వచ్చేది ప్రార్థనకు కాదు, కానీ వేలానికి మతమేమిటని ఏటా వస్తాడు. తర్వాత అంగన్‌వాడీ టీచరు కరుణమ్మ. ఆ తర్వాత పాల కేంద్రం జంగయ్య. ముగ్గురికీ ఒకటే మాట చెప్పాడు.

"నువ్వు ఏది పాడుకున్నా కార్డు నేను గీకుత. రేపు నాకు పైసలియ్యి. నాకు బోనస్ వస్తది, నీకేం పోదు."

"నువ్వు అడిగినంక కాదంటనా అన్నా?" అన్నారు ముగ్గురూ. ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పాలన్న ఆలోచన నతానియేలుకు రాలేదు. కొంప ముంచేవి ఎప్పుడూ ఇలాంటి చిన్న విషయాలే.

ఆరాధన ముగిసింది. కోశాధికారి సాముయేలు మెడలో తువ్వాలు వేసుకుని బల్ల ఎక్కాడు. గుడిలో నోరు మెదపని మనిషి, బల్ల ఎక్కితే మైకుకే చెవులు నొప్పెట్టేంత గొంతు. నాటుకోళ్ళు పోయాయి, బియ్యం బస్తాలు పోయాయి, క్యారెట్ గంపలు పోయాయి. ఆ ఏడు ధరలు మామూలు కంటే బాగా పలికాయి. నతానియేలు గీకుతూనే ఉన్నాడు. ఇంకో ఎనిమిది వేలయితే లక్ష నిండుతుందనగా బల్ల మీదికి విజయరాణి గుమ్మడికాయ వచ్చింది.

"నూరు రూపాయలు!" అన్నాడు సాముయేలు.

"వెయ్యి," అన్నాడు భూపాల్.

"రెండువేలు," అంది కరుణమ్మ.

"అయిదు!" అన్నాడు జంగయ్య.

నతానియేలు గుండె ఉప్పొంగింది. ఎనిమిది దగ్గర ఆగితే లెక్క సరిపోతుంది. పాట ఎనిమిది దగ్గరికి వచ్చింది. ఆగలేదు. తొమ్మిదయింది, పదయింది. ఒకే గుమ్మడికాయ కోసం ముగ్గురు కొట్లాడుతున్నారు, ఆ ముగ్గురి వెనకా ఉన్నది తన ఒక్క కార్డే. ఆ సంగతి తట్టేసరికి నతానియేలుకు చెమటలు పట్టాయి. జనంలోంచి దూరి జంగయ్య పక్కకు చేరాడు.

"జంగయ్యా, గింత పాడుతున్నవు, పైసలున్నయా?"

"నువ్వు గీకుడు చూస్కో అన్నా, పాడుడు మాకు ఇడిసిపెట్టు. పన్నెండు వేలు!"

నతానియేలు భూపాల్ మోచెయ్యి పట్టుకున్నాడు. "భూపాలూ, ఈసారి నీ టమాటకు ధరనే రాలే. గుమ్మడికాయకు ఇన్ని వేలా?"

"ఫికర్ చేయకన్నా. పదమూడు!"

కరుణమ్మ అయితే అతని వైపు చూడను కూడా లేదు. కొంగు బిగించి "పద్నాలుగు!" అంది.

నతానియేలుకు విషయం అర్థమైపోయింది. అంటే, అర్థమైందని అనుకున్నాడు. వీళ్ళు కార్డును ధర్మసత్రం అనుకున్నారు. రేపు పైసలు అడిగితే నెత్తి గోక్కుంటారు. గట్టిగా అడగడానికి తనకు నోరు రాదు. అడిగినా పాపం భూపాల్ ఎక్కడి నుంచి తెస్తాడు? పోస్టాఫీసు డిపాజిట్టు రెక్కలొచ్చి ఎగిరిపోతున్నట్టు అతనికి కళ్ళకు కట్టింది.

పాటను ఆపే దారి ఒక్కటే ఉంది. కానుక తెచ్చిన ఇంటివాళ్ళే పాడితే ఆ పైన ఎవరూ పాడకూడదు. అది ఆ గుడి ఆనవాయితీ. నతానియేలు కళ్ళు మూసుకుని చెయ్యెత్తాడు.

"పదిహేను వేలు!"

సాముయేలు ఆ ధరను మూడుసార్లు అరిచి తువ్వాలు జాడించాడు. పెరట్లో ఉచితంగా కాసిన గుమ్మడికాయను పదిహేను వేలకు కొనుక్కున్న మొదటి మనిషిగా నతానియేలు కార్డు గీకాడు. ఆ వెంటనే ఫోను మోగింది. బోనస్ సంగతి చెప్పడానికి బ్యాంకు అమ్మాయి చేసింది. అతను ఆనందంగా లెక్క అప్పజెప్పాడు.

"సార్, గుడులకు, ట్రస్టులకు కట్టినవి బోనస్‌కు కౌంట్ కావు సార్," అందా అమ్మాయి ఎంతో మర్యాదగా.

నతానియేలు గుమ్మడికాయ పక్కనే మెట్టు మీద కూలబడ్డాడు. విజయరాణి జనంలోంచి ఇటే వస్తోంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అతని చెయ్యి దానంతటదే భుజం మీదికి పోయింది. ఏం చెప్పాలి? మిగిలిన రోజులకు దాచిన డబ్బును కూరగాయ మీద పెట్టానని చెప్పాలా?

అప్పుడు పాస్టరు అయ్యగారు మైకు అందుకున్నారు.

"ప్రతి ఏడు వేలం పైసలు గుడి పనులకు పోతయి. ఈ ఏడు పెద్దలందరం కూడి ఒక మాట అనుకున్నం. ఎవరికి బాగలేకున్నా, ఏ యాళ్ళకు పిలిచినా, బండి తీసి దవాఖానకు తోల్కపోయిన మనిషి మన నతానియేలు. ఒక్కనాడు డీజిలు పైసలు అడగలే. వచ్చే నెల ఆయన డ్యూటీ దిగుతుండు. ఇయ్యాల్టి వేలం పైసలన్నీ ఆయనకే."

చప్పట్లు మోగాయి. భూపాల్ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"మా అవ్వను రాత్రికి రాత్రి ఉస్మానియాకు తీస్కపోయినవు. నాకు యాదుంటది గదన్నా. టమాట పోతే పోయింది, గీ పైసలు పక్కకు పెట్టుకునే వచ్చిన. మేము నీ కోసమే ఎక్కిస్తుంటే, నువ్వొచ్చి మధ్యల పాడితివి."

"రేపు పొద్దున మా ముగ్గురి పైసలు నీ ఇంటికొస్తయి," అంది కరుణమ్మ. "గుమ్మడికాయ మాత్రం ఖరాబు చేసినవు. నేను ఇరవై దాక పోదామనుకున్న."

"నీకు ముందే ఎరుకనా?" అన్నాడు నతానియేలు భార్యతో.

"చెప్తే నువ్వు వద్దంటవని అయ్యగారు చెప్పనియ్యలే. నువ్వు నడుమ దూరుతవని నేను కలగన్ననా?" అంటూ ఆమె కొంగుతో అతని చెమటా, దానితో పాటు కన్నీళ్ళూ తుడిచింది. ఎవరి ముందూ చెయ్యి చాపనన్న పంతంతో బతికిన మనిషి ఆ రోజు రెండు చేతులూ జోడించి అందరి ముందూ నిలబడ్డాడు. అందులో చిన్నతనమేమీ లేదని అతనికి అప్పుడే తెలిసింది. అడగకుండా వచ్చినదాన్ని తీసుకోవడం కూడా నేర్చుకోవాల్సిన విద్యే.

మరునాడు మాట ప్రకారం ముగ్గురూ పైసలు తెచ్చిచ్చారు. వేలం సొమ్ము పోస్టాఫీసులో డిపాజిట్టు అయింది. అతని పదిహేను వేలు అతని దగ్గరికే తిరిగొచ్చాయి, పైగా గుమ్మడికాయ మిగిలింది. దాన్ని విజయరాణి పులుసు చేసి వాడంతా పంచింది.

బ్యాంకు కూడా నతానియేలును మరిచిపోలేదు, బోనస్ రాకపోయినందుకు విచారిస్తూ ఒక గొడుగు పంపించింది.