పనిలో పనిగా పద్నాలుగు ఏనుగుల పైజమాలు

విదేశంలో చదువుకునే విద్యార్థికి ఊళ్ళు చూడాలనే దురద ఉండకూడదు. ఒకవేళ ఉంటే దానికి మందు ఒక్కటే. చుట్టాలు!

నవ్వకండి. నేను రెండేళ్ళపాటు థాయ్‌లాండు దక్షిణాన హాత్‌యాయ్‌లో ఉండి, చెరువు రొయ్యల జీర్ణకోశం మీద పరిశోధన చేసినవాణ్ణి. రుజువు లేకుండా ఒక్క ముక్క మాట్లాడను.

మాది జావా దీవిలో మాగెలాంగ్ అనే ఊరు. మా జావాలో గడప దాటినవాడు తిరిగొచ్చేటప్పుడు చేతిలో ఒలే-ఒలే ఉండాలి. అంటే వెళ్ళిన ఊరి తీపో, కారమో, బట్టో ఏదో ఒకటి తేవాలి. ఇంట్లోవాళ్ళకి, పక్కింటివాళ్ళకి, మనం వెళ్ళిన సంగతి చెవిన పడ్డ ప్రతివాళ్ళకీ తేవాలి. ఖాళీ చేతులతో వచ్చినవాణ్ణి మావాళ్ళు పల్లెత్తు మాట అనరు. పదేళ్ళ తరవాత వాడి పెళ్ళిలో, పదిమందీ భోజనాల దగ్గర ఉన్నప్పుడు అంటారు.

పైగా మావి మర్యాద గల నోళ్ళు. ఎవరూ తెమ్మని అడగరు. "అయ్యో, నీకెందుకు నాయనా శ్రమ" అంటే ఒకటి తెమ్మని. "వద్దులే, బరువు" అంటే రెండు. "నువ్వు క్షేమంగా వస్తే అదే చాలు" అన్నారంటే పెద్ద సైజు.

ఇక ఫోనులో అయితే ఆ మొహమాటం కూడా ఉండదు. "ఏరా తీర్తా, బజారుకి ఎలాగూ వెళ్తావుగా. పనిలో పనిగా నాకో రెండు ఏనుగుల పైజమాలు చూడు" అంటుంది సుమియాతి పెద్దమ్మ. మా అమ్మకి అక్క. ఆర్డర్లు ఇచ్చేవాళ్ళలో అగ్రతాంబూలం ఆవిడదే. వదులుగా, ఒళ్ళంతా ఏనుగు బొమ్మలతో, థాయ్‌లాండులో ప్రతి మలుపులోనూ వేలాడుతుంటాయే, ఆ పైజమాలంటే ఆవిడకి ప్రాణం.

దీన్ని పీడ అంటారు నా తోటి విద్యార్థులు. అజ్ఞానం! ఇది వరమని నేను నిరూపిస్తాను.

మొదటి సంగతి, కుటుంబ బంధాలు. మీ పెద్దమ్మ నడుము ఎన్ని అంగుళాలో మీకు తెలుసా? తెలియదు కదా! నాకు తెలుసు. నలభై రెండు. రంజాను తరవాత నలభై నాలుగు. హర్జో బాబాయి ముప్ఫై ఎనిమిదని చెబుతాడు కాని నలభైకి తక్కువ కాదు, ఈ రహస్యం ఆయన భార్యకి కూడా తెలియదు. మా వంశవృక్షం ఎవరైనా రాయదలిస్తే నా దగ్గరికి రండి, కొలతలతో సహా ఇస్తాను.

రెండోది, భాష. థాయ్ భాష నేర్చుకోవడానికి జనం తరగతుల్లో చేరతారు. నేను కిమ్‌యోంగ్ బజారులో నేర్చుకున్నాను. "ఇదే రంగులో పెద్దదుందా?" అని గుక్క తిప్పుకోకుండా అడగగలను. "నాకు బెంగగా ఉంది" అనడం మాత్రం రాదు. అవసరం పడలేదు. ఎవరితో అంటాను?

ఈ భాషాజ్ఞానం చదువులోనూ అక్కరకొచ్చింది. థీసిస్‌లో ఒక అధ్యాయం తగ్గించమని మా ప్రొఫెసరమ్మ థాయ్‌లో అంటే, బజారులో విని విని అలవాటైపోయి "తగ్గించలేనండీ, నాకూ గిట్టుబాటు కావాలి కదా" అనేశాను. ఆవిడ ఒక్క క్షణం కళ్ళజోడు తీసి నన్ను చూసి, అధ్యాయం ఉంచేసింది.

ఇక యాత్రలు. సెలవుల్లో నేను తిరగని చోటు లేదు. హనోయ్ వెళ్ళాను. ఆ ఊరు ఎలా ఉంటుందంటారా? కాఫీ వాసన వేస్తుంది, నాలుగు గోడలుంటాయి, ఒక తూకం యంత్రం ఉంటుంది. పెనాంగ్‌లో సముద్రం ఉందని విన్నాను. జాజికాయ నూనె అమ్మే దుకాణంలోంచి అది కనబడదు. ఆంకోర్ గుడికి కూడా వెళ్ళాను సుమా! గుడి ఎంత పెద్దదో చెప్పలేను కాని, దాని ముందు అమ్మే మిరియాల సంచి మూతి ఎంత గట్టిగా కుడతారో చెప్పగలను. సంచి విప్పి, ఐదు పొట్లాలు కట్టించి, మళ్ళీ కుట్టించేసరికి గుడి తలుపులు మూసేశారు.

సరిహద్దుల్లో స్నేహాలు కూడా పెరుగుతాయి. పాదాంగ్ బెసార్ దగ్గర మలేసియా అధికారి నా పెట్టె తెరిపించి, ఒక్కొక్క పైజమా తీసి బల్ల మీద పెట్టాడు. ఏనుగుల మంద తయారైంది.

"వ్యాపారమా?" అన్నాడు.

"కాదండీ. చుట్టాలు."

ఆయన నా ముఖంలోకి చూశాడు. "మీ అమ్మ వైపా, నాన్న వైపా?"

"రెండు వైపులా అండీ."

"మా ఆవిడవాళ్ళు తొమ్మిదిమంది అక్కచెల్లెళ్ళు" అని నిట్టూర్చి, పైజమాలన్నీ తనే మడతపెట్టి పెట్టెలో సర్దాడు. ప్రపంచశాంతికి ఇంతకంటే దగ్గరి దారి ఉందా?

మరో మేలు చెప్పకపోతే పాపం తగులుతుంది. పరాయి దేశంలో మన ఫోను మోగుతూనే ఉంటుంది. ఒకసారి నాకు డెంగీ జ్వరం వచ్చి ఆసుపత్రిలో పడ్డాను. పెద్దమ్మ ఫోను చేసింది. "జ్వరమా? అయ్యో నా తండ్రీ! కదలకు, పడుకో. గంజి తాగు." అంతవరకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అన్నట్టు ఆ ఆసుపత్రి పక్కన తలనొప్పి బామ్ అమ్ముతారేమో, లేచాక పనిలో పనిగా..."

లేచాక తెచ్చాను. డజను.

సరే, ఇంత వరం అనుభవిస్తూ కూడా నాకో బుద్ధితక్కువ కోరిక ఉండేది. ఒప్పేసుకుంటున్నాను. హాత్‌యాయ్‌కి గంటన్నర దూరంలో సోంగ్‌ఖ్లా సరస్సు ఉంది. అందులో డాల్ఫిన్లున్నాయి. మూతి పొడుగ్గా ఉండే రకం కాదు, గుండ్రటి తలతో, ఎప్పుడూ నవ్వు ముఖంతో ఉండే రకం. వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే మిగిలాయనీ, కొన్నాళ్ళకి అవీ ఉండవేమోననీ మా ప్రొఫెసరమ్మ క్లాసులో అంది. పోయేలోపు ఒక్కదాన్ని చూడాలని నా కోరిక. వచ్చిన మొదటి నెల్లోనే అనుకున్నాను.

సరస్సు ఒడ్డున రోమ్లీ అన్న అని ఒక జాలరి ఉన్నాడు. మా ప్రయోగశాలకి రొయ్యపిల్లలు తెచ్చిచ్చేవాడు. "ఆదివారం తెల్లారేసరికి రా, వలలు చూసుకోడానికి వెళ్తాను, పడవలో కూచో. వాటి అదృష్టం బావుంటే నువ్వు కనబడతావు" అనేవాడు.

ఏ ఆదివారం కుదురుతుంది? మొదటిసారి అనుకున్న రోజున నాకు చెల్లి వరసయ్యే రోతనో పెళ్ళికి, దాని స్నేహితురాళ్ళకి పంచడానికి సబ్బులు. రెండోసారి బాబాయికి ముక్కులో పీల్చే మందు గొట్టాలు. మూడోసారి పైజమాలు, మార్చి తెమ్మని పంపిన పైజమాలు, మార్చినవి మళ్ళీ మార్చినవి.

"మీ పెద్దమ్మకి ఎన్ని కాళ్ళురా?" అన్నాడు రోమ్లీ అన్న విసిగిపోయి.

అలా రెండేళ్ళు గడిచాయి. ఇంటికి వెళ్ళే రోజు వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం బస్సు. పొద్దున ఒక్క పూటే ఖాళీ. శనివారం సాయంత్రం పెద్దమ్మ ఫోను.

"తీర్తా, ఇది ఆఖరిది. ఒట్టు. మా ఆదివారం వ్యాయామం బృందం లేదూ, వచ్చే వారం జిల్లా పోటీలు. పద్నాలుగుమందిమి. అందరికీ ఒకే రంగు ఏనుగుల పైజమాలు కావాలి. ఊదారంగు. మావాళ్ళందరికీ మాట ఇచ్చేశాను."

"పద్నాలుగా?"

"నీ మాట మీదే ఇచ్చానురా. నువ్వు ఎప్పుడు కాదన్నావు గనక!"

నిజమే. ఎప్పుడూ కాదనలేదు. ఆ రోజూ కాదనలేదు. "చూస్తాను" అన్నాను. మా జావా మర్యాదలో దాని అర్థమేమిటో పెద్దమ్మకి తెలియకపోదు.

తెల్లారేసరికి నేను రోమ్లీ అన్న పడవలో ఉన్నాను. బజారులో కాదు! దొంగతనం చేస్తున్నవాడికి కూడా అంత భయం ఉండదేమో. నీళ్ళు బూడిదరంగులో ఉన్నాయి. అన్న ఇంజను ఆపేసి, జేబులోంచి బంకబియ్యం ముద్ద తీసి సగం నాకు పెట్టాడు. ఇద్దరం నీళ్ళకేసి చూస్తూ తిన్నాం. ఒక గంట. ఇంకో అరగంట.

"ఇవాళ లేవురా" అని అన్న లేవబోయాడు.

సరిగ్గా అప్పుడే నా జేబులో ఫోను మోగింది. పెద్దమ్మ, వీడియో కాల్. ఊదారంగు ఏ ఊదానో చూపించడానికి కాబోలు. అదే క్షణాన పడవకి రెండు బారల దూరంలో నీళ్ళు చీలి ఒక గుండ్రటి తల పైకి లేచింది. "ఫూ" మని ఊపిరి వదిలింది. ఇంటికొచ్చి చెప్పులు విప్పిన ముసలాయన వదిలినట్టు వదిలింది. దాని పక్కనే ఇంకోటి, చిన్నది.

నేను ఫోను కట్ చేశాను. పెద్దమ్మ ఫోను! మా వంశంలో ఇంతకుముందు ఎవరూ చేయని పని.

ఆ రెండూ కలిసి మూడుసార్లు లేచి, మునిగి, వెళ్ళిపోయాయి. నేను ఏడ్చాను. ఎందుకేడ్చానో ఇప్పుడు చెప్పగలను. అంత గొప్ప సంగతి చూసి, "ఏం చూశావురా" అని అడిగేవాళ్ళు ఈ భూమ్మీద నాకు ఎవరూ లేరనిపించింది.

పైజమాల సంగతి మరిచిపోలేదు. మరిచిపోతే బతకనిస్తారా? సరిహద్దు దాటి, కౌలాలంపూర్‌లో విమానమెక్కి, జోగ్జాలో దిగాను. మా ఊరి బస్సు ఎక్కేముందు నేరుగా జోగ్జా బజారుకి వెళ్ళి, ఊదారంగు ఏనుగుల పైజమాలు పద్నాలుగు కొన్నాను. అవును, మా ఇంటికి గంటన్నర దూరంలో! అక్కడా అవే ఏనుగులు, అదే వరస. ఇన్నాళ్ళూ రెండు సరిహద్దులు దాటించి మోశాను కదా అని నన్ను నేను చెంపదెబ్బ కొట్టుకోవాలనిపించింది.

మర్నాడు ఉదయం పెద్దమ్మ వాకిట్లో బృందమంతా చేరింది. పద్నాలుగుమంది నా ముందు నిలబడ్డారు. పెద్దమ్మ ఒక పైజమా అందుకుంది. బట్టని వేళ్ళ మధ్య నలిపింది. నాడా లాగి చూసింది.

"చూశారా!" అంది అందరితోనూ. "థాయ్ సరుకంటే ఇదీ. మన దగ్గర ఈ నేత ఎక్కడిది?"

"ఎక్కడిది" అన్నారు పదముగ్గురూ.

వాళ్ళు వెళ్ళాక పెద్దమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి, మూల ఉన్న అలమర తెరిచింది. లోపల నేను రెండేళ్ళుగా తెచ్చినవన్నీ ఉన్నాయి. పైజమాలు మడత విప్పలేదు. బామ్ డబ్బాల మూతలు తీయలేదు. ప్రతిదాని మీదా ఆవిడ చేతిరాతతో చిన్న చీటీ అంటించి ఉంది. హనోయ్. పెనాంగ్. హాత్‌యాయ్, తీర్తా జ్వరం.

"ఒక్కటీ వాడలేదేం పెద్దమ్మా?"

"వాడితే అయిపోతాయి కదరా." అలమర తలుపు మీద చెయ్యి వేసి నిలబడింది. "ఇవాళ్టివి జోగ్జావి. నాడా చివర పూస ఉంది. నీ థాయ్ వాటికి ఉత్త తాడే. నా దగ్గర పదకొండు ఉన్నాయి, నాకు చెబుతావా?"

"మరి అందరి ముందూ అలా..."

"పరువు నీ ఒక్కడిదేనా? అది సరే. ఆదివారం పొద్దున నా ఫోను కట్ చేశావు. ఆసుపత్రిలో సెలైను పెట్టించుకుంటూ కూడా ఎత్తినవాడివి. ఏం చూశావురా అక్కడ?"

చెప్పాను. గుండ్రటి తల, చిన్నది, ఆ ఊపిరి అన్నీ చెప్పాను. పెద్దమ్మ పొయ్యి కట్టేసి పీట వాల్చుకుని వింది. "ఎలా వదిలింది? మళ్ళీ అను" అని మూడుసార్లు అనిపించుకుని, తనూ "ఫూ" అని చూసింది. ఒకసారి నవ్వింది కూడా.

"రెండేళ్ళలో ఎవరైనా ఇది అడగడం ఇదే మొదటిసారి పెద్దమ్మా" అన్నాను. గొంతులో నిష్ఠూరం దాచుకోలేదు.

"నువ్వు చెప్పావా ఎప్పుడైనా? 'పెద్దది లేదు, మధ్య సైజుంది, తేనా' అని రాసేవాడివి. నేను చీటీల మీద ఇంకేం రాసుకోను?" పెద్దమ్మ లేచి పైజమా దులిపింది. "పట్టా తీసుకోడానికి మళ్ళీ వెళ్ళాలిగా నువ్వు?"

"మూడు నెలల్లో."

"పనిలో పనిగా నన్నూ పట్టుకెళ్ళు."

కనుక మహాశయులారా, నా వాదనలో ఎక్కడా లోపం లేదు. చుట్టాల ఆర్డర్లు వరమే. కాకపోతే ఒక చిన్న సంగతి నాకు ఆలస్యంగా తట్టింది. విమానాశ్రయంలో సంచీలనే తూకం వేస్తారు, మనుషుల్ని వేయరు. నలభై నాలుగు అంగుళాల పెద్దమ్మని మొదటి ప్రయాణంలోనే వెంట తీసుకెళ్ళి ఉంటే, బేరాలన్నీ ఆవిడే చూసుకునేది, నేను రెండేళ్ళూ చేతులూపుకుంటూ తిరిగేవాణ్ణి!