ఎనిమా డబ్బా ఎవరు తగిలించారు?

ఆ రోజు ఉదయం హెడ్ నర్సు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి డ్యూటీ ఎక్కడం, ఏడుంబావుకి కూతురికి ఎనిమా ఇవ్వడం, ఏడున్నరకి డబ్బా కడిగి, తుడిచి, స్టోరు గదిలో పెట్టేయడం. ఎనిమిదింటికి డాక్టరమ్మ రౌండ్సుకు వచ్చేసరికి డబ్బా ఉండదు, పేచీ ఉండదు. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో ఆవిడ అనుకున్నది అనుకున్నట్టు జరగని ఉదయం లేదు. ఇది మాత్రం ఎందుకు జరగదు?

పేచీకి మూలం కాన్పుల వార్డు నోటీసు బోర్డు మీద అంటించిన కాగితం. నొప్పులతో వచ్చినవాళ్ళకు అలవాటుగా ఇచ్చే ఎనిమా ఈ రోజు నుంచి ఇవ్వకూడదని డాక్టరమ్మ సంతకం పెట్టి మరీ అంటించింది. దానివల్ల తల్లికీ బిడ్డకీ ఒరిగేదేమీ లేదనీ, నొప్పుల మీద ఇంకో నొప్పి తప్ప మరేమీ కాదనీ ఆవిడ వాదన. కడుపు శుభ్రంగా ఉంటే కాన్పు శుభ్రంగా అవుతుందని హెడ్ నర్సు వాదన. డాక్టరమ్మ దగ్గర కట్టలకొద్దీ కాగితాలున్నాయి, హెడ్ నర్సు దగ్గర ఇరవై ఎనిమిదేళ్ళున్నాయి. ఆరు నెలలుగా ఇద్దరూ మంచానికి చెరోపక్కా నిలబడి వాదించుకుంటుంటే, మంచం మీది మనిషి పళ్ళు బిగబట్టి ఆ చర్చ ముగిసేదాకా కాచుకునేది. ఆ డాక్టరమ్మకు కూడా ఇప్పుడు నెలలు నిండాయి. నడుం మీద చెయ్యి వేసుకుని రౌండ్సు చేస్తోంది. సోమవారం నుంచి సెలవు.

హెడ్ నర్సు కూతురు తెల్లవారుతుండగా నొప్పులతో వచ్చి నాలుగో మంచంలో చేరింది. తొలికాన్పు. తల్లి పక్క గదిలో సబ్బునీళ్ళు వేడిచేసి, తెల్ల ఎనామిల్ డబ్బాలో పోసి, రబ్బరు గొట్టం బిగించి స్టాండుకు తగిలించింది. అరచేతి వెనక తాకించి వేడి చూసుకుని వార్డులోకి వెళ్ళింది.

"లే తల్లీ. ఒక్కసారి పక్క గదికి రా."

"ఎందుకమ్మా?"

"ఎందుకేమిటి, నేను చెప్తున్నాగా. పది నిమిషాల పని."

కూతురు జవాబు చెప్పేలోపే నొప్పి వచ్చింది. అది తగ్గేలోగా గొట్టం క్లిప్పు సరిచూద్దామని హెడ్ నర్సు వెనక్కి వెళ్ళింది. స్టాండు ఉంది, డబ్బా లేదు. డబ్బా తగిలించిన కొక్కెం ఒక్కటీ నెమ్మదిగా ఊగుతోంది. గదిలో గాలి లేదు. కిటికీ కూడా మూసే ఉంది.

పోయిందని ఎవరితోనైనా చెబుదామా అంటే, అసలు ఎందుకు నింపావని అడుగుతారు. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని వార్డంతా వెతికింది. డబ్బా ఒకటో మంచం పక్కన సెలైన్ స్టాండుకు వేలాడుతోంది. ఖాళీగా ఉంది. గొట్టం చివర నుంచి ఒక్కొక్క చుక్కా రాలుతోంది. మంచం మీదావిడ మొహం మాత్రం ప్రశాంతంగా ఉంది.

"ఇది నీకెవరిచ్చారమ్మా?"

"మీ పెద్ద సిస్టరుగారేనండి. తెల్ల టోపీ పెట్టుకున్నారు. కావాలా అమ్మా అని అడిగారు. రెండ్రోజుల్నుంచీ కడుపు బిగిసి చస్తున్నాను, ఎవరికి చెప్పుకోను? కావాలన్నాను. ఎంత మెత్తటి చెయ్యో ఆవిడది."

ఆ ఆసుపత్రిలో నర్సులు టోపీలు మానేసి పదిహేనేళ్ళయింది. హెడ్ నర్సు మంచం మీదికి వంగింది.

"గడ్డం మీద పుట్టుమచ్చ ఉందా?"

"ఉంది. దాంట్లో ఒక తెల్ల వెంట్రుక కూడా ఉంది."

వరండాలో పాత మెట్రన్ ఫోటో ఉంది. టోపీ, గడ్డం మీద పుట్టుమచ్చ. హెడ్ నర్సుకు ఈ పని చెయ్యి పట్టుకుని నేర్పింది ఆవిడే. పద్నాలుగేళ్ళ కిందట పోయిందని కబురొస్తే, వార్డు సిబ్బంది ఆ ఫోటో ముందే నిలబడి రెండు నిమిషాలు మౌనం పాటించారు. ఫోటోలో పుట్టుమచ్చ కనిపిస్తుంది. వెంట్రుక కనిపించదు.

అంతలో ఆయా చీపురు పట్టుకుని వచ్చింది.

"సిస్టరమ్మగారూ, ఇందాక మీ వెనకాలే నడిచొచ్చింది ఎవరండీ? మీరు ఆగితే ఆగింది, మీరు మలుపు తిరిగితే తిరిగింది. కొత్తావిడా?"

"నువ్వు నోరు మూసుకుని పని చూసుకో" అంది హెడ్ నర్సు. ఆయాకు ఆ మాట చెప్పడమంటే ఊరంతా చాటమని చెప్పడమే. పావుగంటలో వార్డంతా పాకింది. తెల్ల టోపీ ఆవిడ రెండో మంచం దగ్గరకీ వచ్చిందట, వద్దంటే సరేనని వెళ్ళిపోయిందట. మూడో మంచం మనిషి నిద్రపోతుంటే దుప్పటి సర్ది వెళ్ళిందట. గుమ్మం బయట బంధువులు రెండు జట్లయ్యారు. ఒకావిడ కూతురి మంచం చుట్టూ తెర లాగేసి కాపలా కూర్చుంది. ఇంకొకావిడ హెడ్ నర్సు చెయ్యి పట్టుకుని బతిమాలింది.

"మా కోడలి దగ్గరకీ ఒక్కసారి పంపండమ్మా. దయ్యమైతే ఏం, పని తెలిసిన మనిషి."

ఎనిమిదింటికి డాక్టరమ్మ వచ్చింది. డబ్బాను చూసింది, హెడ్ నర్సును చూసింది.

"సిస్టర్, నోటీసు చదివారా?"

"చదివాను మేడమ్. ఇది నేను ఇవ్వలేదు."

"మరి ఎవరిచ్చారు?"

జవాబు ఆయా చెప్పింది.

"పోయిన మెట్రన్ అమ్మగారండి. పాపం, పొద్దున్నే డ్యూటీకొచ్చారు."

డాక్టరమ్మకు ఒళ్ళు మండింది. తన మాట కాదనడానికి వార్డు మొత్తానికీ ఈ కథ నూరిపోశారని అనుకుంది. డబ్బాను తన చేత్తోనే స్టోరు గదిలో పెట్టి, తాళం వేసి, తాళంచెవి కోటు జేబులో వేసుకుంది.

"దయ్యాలకు కూడా డ్యూటీలు వేస్తున్నారన్నమాట. ఇంకొక్కసారి ఈ డబ్బా వార్డులో కనబడితే, ఇవాళ మీరు లేబర్ రూమ్‌లో అడుగుపెట్టొద్దు."

ఆ మాట హెడ్ నర్సు గుండెల్లో దిగింది. ఇన్నేళ్ళూ ఎవరెవరి పిల్లలనో రెండు చేతులతో అందుకుంది. ఇవాళ పుట్టబోయేది తన కూతురి బిడ్డ. ఆ గదిలో కూతురు కేకపెడితే తాను బయట బల్ల మీద కూర్చోవాలా? ఆవిడ ఇక ఏ పనీ పెట్టుకోలేదు. స్టోరు గది తలుపుకు వీపు ఆనించి నిలబడింది. డబ్బా బయటికి రావాలంటే తన మీదుగానే రావాలి.

గంటన్నర గడిచింది. మధ్యలో ఒకసారి తలుపు లోపల ఎనామిల్ గిన్నె అంచుకు ఇంకేదో తగిలినట్టు సన్నగా ఖంగుమంది. ఎలుకలని సర్దిచెప్పుకుంది. కాసేపటికి కార్బాలిక్ సబ్బు వాసన వేసింది. ఎలుకలకు సబ్బు ఎందుకని ఆలోచించకుండా ఉండటానికి చాలా కష్టపడింది.

"సిస్టర్!" అని వార్డులోంచి డాక్టరమ్మ గొంతు.

నాలుగో మంచం పక్కన డబ్బా వేలాడుతోంది. ఈసారి నిండుగా ఉంది. హెడ్ నర్సు అరచేతి వెనక తాకించి చూసింది. సరిగ్గా ఎంత వెచ్చగా ఉండాలో అంత వెచ్చగా ఉంది. డాక్టరమ్మ చెయ్యి తనకు తెలియకుండానే కోటు జేబులోకి వెళ్ళింది. తాళంచెవి అక్కడే ఉంది. ఆవిడ మొహంలో రంగు మారింది గానీ, చదువుకున్న మనిషి కాబట్టి తొందరగానే తేరుకుంది.

"మీ దగ్గర రెండో తాళంచెవి ఉంది."

"లేదు మేడమ్. ఎన్నో ఏళ్ళుగా రెండోది ఎవరూ చూడలేదు."

"బయటికి వెళ్ళండి సిస్టర్. మీ అమ్మాయిని నేను చూసుకుంటాను."

కూతురు ఏదో చెప్పబోయింది. ఇంతలో నొప్పి వచ్చి ఆ మాట మింగేసింది.

హెడ్ నర్సు వరండాలోకి వచ్చి నిలబడింది. ఏడుపు వచ్చింది, ఏడ్చింది కూడా. కళ్ళు తుడుచుకుంటూ కిందికి చూస్తే నేల మీద నీటిచుక్కలు. జానెడు దూరానికొకటి, సబ్బు నురగతో, నాలుగో మంచం వైపు నుంచి వరసగా మెట్లదాకా వెళ్ళాయి. మెట్ల మీద కూడా ఉన్నాయి. ఆవిడ వాటి వెంటే పై అంతస్తు ఎక్కింది.

పైన ఎముకల వార్డు. చుక్కలు కిటికీ పక్క చివరి మంచం దగ్గర ఆగిపోయాయి. మంచం మీద ఒక ముసలావిడ పడుకుని ఉంది. కుడికాలు తుంటి దాకా కట్టు కట్టి, పైకెత్తి, బరువు వేలాడదీశారు. గడ్డం మీద పుట్టుమచ్చ. దాంట్లో తెల్ల వెంట్రుక.

"ఆలస్యం చేశావే" అంది ఆవిడ.

"మీరు... మీరు పోయారన్నారు."

"పోయింది మా అక్క. నాకోసం రెండు నిమిషాలు మౌనం పాటించారటగా. నేనున్నన్నాళ్ళూ ఆ వార్డు అరనిమిషం నోరు మూసుకుని ఎరగదు."

"మెట్రన్‌గారూ, మీరు కిందికి వచ్చారా?"

"ఈ కాలుతోనా?"

పక్కనే బీపీ చూస్తున్న నర్సు నవ్వింది. "మంచం దిగి తొమ్మిది రోజులైందండీ ఆవిడ. ఇంకెన్నాళ్ళో."

ముసలావిడ దిండు కింద నుంచి తుప్పుపట్టిన తాళంచెవుల గుత్తి తీసింది. స్టోరు గది తాళంచెవి అందులో ఉంది. అది ఒక్కటే తళతళలాడుతోంది.

"రిటైరైన రోజున ఛార్జి పుచ్చుకోవడానికి ఒక్కరూ రాలేదు. ఎవరికి అప్పజెప్పను?"

"నాకివ్వండి."

"నీకా? నాలుగో మంచం అమ్మాయి వద్దంది. ఆ సంగతి నీకు తెలుసా?"

హెడ్ నర్సుకు తెలియదు. అయినా పౌరుషం ఊరుకోలేదు. "అందరికీ ఇవ్వాలని నేర్పింది మీరే కదండీ."

"అందరినీ అడగమని నేర్పాను. అడుగుతూ కూర్చుంటే టైము చాలట్లేదని, నీ రెండో ఏట అడగడం మానేశావు. ఆ పైన అదే పద్ధతి అయిపోయింది. అవునా కాదా?"

అవును. ఒకరోజు పదకొండు కాన్పులు. ఎవరినీ అడగలేదు. పని చకచకా అయిపోయింది. మర్నాడు కూడా అడగలేదు. ఇన్నేళ్ళూ అనుభవం అనుకున్నది నిజానికి తొందర. హెడ్ నర్సు ముసలావిడ చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. సబ్బు వాసన వేస్తోంది.

ఆవిడ కిందికి దిగి నేరుగా డాక్టరమ్మ ముందు నిలబడింది.

"పొద్దున మొదట నీళ్ళు కలిపింది నేనే మేడమ్. మా అమ్మాయికని. దాన్ని అడగలేదు. ఇన్నేళ్ళలో ఎవరినీ అడగలేదు. మిగతాది నాకు తెలియదు. మీరు ఏం చేసినా సరే, నన్ను ఒక్కసారి దాంతో మాట్లాడనివ్వండి."

డాక్టరమ్మ వార్డంతా కలయజూసింది. ఒకటో మంచం ఆవిడ నిశ్చింతగా నిద్రపోతోంది. రెండో మంచం ఆవిడ నడుం పట్టుకుని నడుస్తోంది. ఎవరికి కావలసింది వాళ్ళకు దొరికింది.

"నేను కూడా అడగలేదు లెండి" అంది చివరికి. "కాగితం అంటించానంతే. వెళ్ళండి."

హెడ్ నర్సు కూతురి తల దగ్గర వంగింది.

"నీకు కావాలా తల్లీ?"

"వద్దని ఇందాకే చెప్పాగా."

"నాకు చెప్పలేదు."

"నువ్వు అడగలేదు. ఆవిడ అడిగింది. అడిగి, నుదురు తుడిచి వెళ్ళింది."

పదకొండు నలభైకి ఆడపిల్ల పుట్టింది. అమ్మమ్మే అందుకుంది. కాన్పులో పక్క పాడవుతుందని ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆవిడ పడిన భయమూ కొంచెం నిజమైంది. గుడ్డతో తుడవడానికి పావు నిమిషం పట్టింది. లేబర్ రూమ్ పైకప్పు ఊడిపడలేదు.

సాయంత్రానికి నోటీసు బోర్డు మీద కాగితం మారింది. ప్రతి ఒక్కరినీ అడిగి, వాళ్ళు చెప్పినట్టు చేయాలని ఇద్దరూ కలిసి సంతకం పెట్టారు. ఆరు నెలల్లో ఇద్దరికీ కుదిరిన మొదటి మాట అదే.

సోమవారం ఉదయం డాక్టరమ్మ సెలవులో చేరాల్సింది, నాలుగో మంచంలో చేరింది. నొప్పుల మధ్య రెండుసార్లు నోరు తెరిచి మూసుకుంది. మూడోసారి హెడ్ నర్సును దగ్గరకు రమ్మంది.

"సిస్టర్, అందరినీ అడుగుతున్నారటగా. నన్ను మాత్రం ఎవరూ అడగరేం?"

"మీకు కావాలా మేడమ్?"

డాక్టరమ్మ అటూ ఇటూ చూసింది. "ఎవరికీ చెప్పకండి."

హెడ్ నర్సు నవ్వు ఆపుకుంటూ నీళ్ళు వేడిచేయడానికి పక్క గదికి వెళ్ళింది. డబ్బా అప్పటికే నిండుగా, వెచ్చగా స్టాండుకు వేలాడుతోంది. ఆవిడ ఒక్క పరుగున పై అంతస్తుకు వెళ్ళి చూసింది. కిటికీ పక్క మంచం ఖాళీగా ఉంది, కొత్త దుప్పటి పరిచారు. పెద్దావిడను శనివారమే స్ట్రెచరు మీద ఇంటికి తీసుకెళ్ళారని అక్కడి నర్సు చెప్పింది.

ఛార్జి మాత్రం ఆవిడ ఇంకా ఎవరికీ అప్పజెప్పలేదు.