మెదడుకు విలువిచ్చేది రేబిస్ ఒక్కటే!

రేబిస్ వైరస్‌ను మనం అన్యాయంగా ఆడిపోసుకుంటున్నాం. నిజానికి దాన్ని పిలిచి సన్మానం చెయ్యాలి! ఈ రోజుల్లో మెదడుకు అంత విలువ ఇచ్చే శాల్తీ ఇంకొకటి ఎక్కడుందో చూపించండి?

దాని క్రమశిక్షణే వేరు. కాటు పడిన చోట దిగుతుంది, నరం పట్టుకుంటుంది, హడావిడి లేకుండా మెదడు వైపు నడుస్తుంది. దారిలో దేనికీ ఆశపడదు. మన దగ్గర పెద్ద కుర్చీ వైపు నడిచేవాళ్లలో, దారిలో కనిపించినదాన్ని ముట్టుకోకుండా వెళ్లినవాళ్లు ఎంతమంది?

ఇక సమదృష్టి! కుక్క, పిల్లి, నక్క, కోతి, ముంగిస, గబ్బిలం, మేక, ఆవు, ఆఫీసరు... పిల్లలకు పాలిచ్చి పెంచే జాతి అయితే చాలు. జాతి కుక్కకు ఒక మర్యాద, ఊరకుక్కకు ఒక మర్యాద ఉండవు. రికమండేషన్ అసలే అడగదు. కోళ్ల జోలికి మాత్రం పోదు, ఎందుకో వాటినే అడగాలి.

ఇంత విశాల హృదయాన్ని అర్థం చేసుకోవడం మా ఊరి క్లినిక్ డాక్టరుగారి వల్ల కాలేదు.

మా అక్కకు ఒక ఆవు ఉండేది. మొన్న అది నీళ్లు మింగలేక చొంగ కార్చడం మొదలుపెట్టింది. గొంతులో ఏదో అడ్డం పడిందనుకుని అక్క, ఆవును పెంచేవాళ్లెవరైనా చేసే పనే చేసింది. మోచేతి దాకా చెయ్యి దాని నోట్లో పెట్టి వెతికింది. ఏమీ దొరకలేదు గానీ పళ్లు గీరుకుని ముంజేయి చీరుకుపోయింది. మర్నాడు ఆవు అరిచి అరిచి చచ్చిపోయింది. పశువుల డాక్టరు చూసి, "రేబిస్‌లాగే ఉందమ్మా. చెయ్యి సబ్బుతో బాగా కడుక్కుని వెంటనే సూది వేయించుకో" అన్నాడు.

ఈ జబ్బు బయటపడ్డాక ఇక మందు లేదు. ఆ లోపలే సూది పడాలి. అక్కను పట్టుకుని క్లినిక్‌కి పరిగెత్తాను.

"ఏ కుక్క?" అన్నారు డాక్టరుగారు తలెత్తకుండా.

"కుక్క కాదండీ, ఆవు."

"ఆవుకి రేబిసేంటమ్మా! అజీర్తి చేసుంటుంది. ఈ సూది కుక్క కాటుకి. కుక్క కరిస్తే రండి."

చూశారా! కంటికి కనిపించని వైరస్‌కు ఆవుకూ మెదడుంటుందని తెలుసు. గోడ నిండా సర్టిఫికెట్లు తగిలించుకున్న మనిషికి తెలియదు!

"కుక్కేనని చెప్పెయ్యక్కా" అని చెవిలో గొణిగాను.

"మన వీధిలో ఉన్నది ఒకటే కుక్క. రేపు బండేసుకొచ్చి దాన్ని ఈడ్చుకుపోతారు. చెయ్యని తప్పు ఆ మూగజీవి మీద వెయ్యమంటావట్రా?" అంది అక్క. చావుకు సిద్ధపడింది గానీ అబద్ధానికి సిద్ధపడలేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. డాక్టరుగారి బల్ల మీద రెండు చేతులూ ఆనించి వంగాను.

"నిజం చెప్పేస్తున్నా సార్. కుక్కా కాదు, ఆవూ కాదు. నేనే కరిచాను."

డాక్టరుగారు మొదటిసారి తలెత్తారు.

"వీడు చిన్నప్పుడు కూడా కరవలేదండీ..." అని అక్క అడ్డుపడబోయింది.

"నిన్నటి నుంచి మంచినీళ్లు చూస్తే వణుకొస్తోంది సార్" అంటూ నేను ఇంకాస్త వంగాను.

అంతే! ఆయన కుర్చీ వెనక్కి వెళ్లి గోడకు తగిలింది. "సిస్టర్! ఈవిడకి ఇంజెక్షన్! ముందు ఆయన్ని బయటికి పంపండి!" ఇన్నేళ్లుగా రాస్తున్నాను, నా మాటను ఇంత త్వరగా నమ్మిన పాఠకుడు ఇంకొకరు లేరు!

అక్కకు సూది పడింది, నాకు ప్రాణం లేచొచ్చింది. పిచ్చెక్కిన నన్ను ఎక్కడ ఉంచాలో ఎవరికీ తెలియక, జాగ్రత్తగా ఇంటికి వెళ్లమన్నారు. కాబట్టి ప్రస్తుతం మా ఊరి ఆరోగ్య పరిస్థితి ఇదీ: ఆవులకు రేబిస్ రాదు. తమ్ముళ్లకు వస్తుంది.

ఇంటికి వచ్చేసరికి పక్కింటి తాతగారు చేతికి గుడ్డ చుట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నారు. అక్క కంటే ముందు ఆయన కూడా ఆ ఆవు గొంతులో వెతికారట. ఆయనకు తమ్ముళ్లు లేరు, అప్పటికే క్లినిక్ మూసేశారు. రేపు పొద్దున్నే ఆయన్ని కూడా నేనే కరవాలి.